టెలిస్కోప్ కొత్తగా కొన్నవాళ్లకి

అందరికీ నమస్కారం. మొదటి రాత్రి ఏమీ కనిపించలేదని మన గ్రూప్‌లో ముగ్గురు రాశారు. టెన్షన్ పడకండి, అది టెలిస్కోప్ లోపం కాకపోవచ్చు. ముందు పగటిపూట దూరంగా ఉన్న సెల్ టవర్‌నో గుడి గోపురాన్నో పెద్ద గొట్టంలో మధ్యకి తెచ్చుకుని, పైనున్న చిన్న ఫైండర్ (గురి చూసుకునే సాధనం) కూడా సరిగ్గా అక్కడికే చూపేలా మరలు తిప్పండి. ఇది చేయకపోతే రాత్రంతా వెతుకులాటే. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు. కళ్లు పోతాయి. పిల్లలున్న ఇంట్లో పగలు దాన్ని ఒంటరిగా వదలకండి.

మొదట చంద్రుణ్ణే చూడండి, అదీ పౌర్ణమినాడు కాదు. శుక్ల సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా పడి, లోతు తెలుస్తుంది. నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) ఎప్పుడూ 25 ఎంఎంతోనే మొదలుపెట్టండి. 700 ఎంఎం ఫోకల్ లెంగ్త్ (ప్రధాన కటకం లేదా అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) ఉన్న టెలిస్కోప్‌లో అది, 700ని 25తో భాగిస్తే, 28 రెట్లు పెద్దది చేస్తుంది. 10 ఎంఎం పెడితే 70 రెట్లు, కానీ భూమి తిరుగుతుంటుంది కాబట్టి బొమ్మ త్వరగా జారిపోతుంది. 28 రెట్లకే గురుగ్రహం పక్కన, 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామలు చుక్కల్లా కనిపిస్తాయి. మన పెద్దవాళ్లు పిల్లలకోడి అనే కృత్తికల చుక్కల గుంపుకీ తక్కువ పవరే అందం.

కళ్లు చీకటికి అలవాటు పడేందుకు చీకట్లో ఇరవై నిమిషాలైనా ఫోన్ చూడకుండా ఉండండి. వచ్చే అష్టమికి మా డాబా మీదకి రండి, ఫైండర్లు కలిసి సరిచేద్దాం.