ఆటల పీరియడ్‌లో రగ్బీ ఎందుకంటే...

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఆటల పీరియడ్‌లో టచ్ రగ్బీ నేర్పిస్తున్నాం. నోటీసు ఇంటికి చేరిన మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "అదేం ఆట మేడమ్?", "దెబ్బలు తగిలితే ఎలా?", "ఆడపిల్లలు కూడానా?" అని అడిగారు. మీ భయం నాకు అర్థమైంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, నాకు ఎంతో ఇష్టమైన ఒక జట్టు గురించి ఇక్కడ రాస్తున్నాను. అది ఫిజీ జట్టు.

ముందు ఆట సంగతి. అసలు రగ్బీని జట్టుకు పదిహేను మంది చొప్పున 80 నిమిషాలు ఆడతారు. సెవెన్స్ అనే చిన్న రూపంలో జట్టుకు ఏడుగురే, మామూలుగా సగానికి 7 నిమిషాలే. ఎలా ఆడినా బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కనో వెనకో ఉన్నవాడికే అందించాలి. ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే 'ట్రై', దానికి 5 పాయింట్లు. పట్టుకుని పడేయడం చూస్తే మన కబడ్డీయే గుర్తొస్తుంది. మన పిల్లలు ఆడే టచ్ రగ్బీలో ఆ పట్టు ఉండదు, చేత్తో తాకితే చాలు.

ఫిజీ పసిఫిక్ సముద్రంలో చిన్న దీవుల దేశం. మొత్తం జనాభా 9 లక్షలకు అటూ ఇటూ. వాళ్ల జాతీయ జట్టు మొదటి మ్యాచ్ 1924లో సమోవా దీవుల్లోని అపియాలో ఆడింది. సమోవా ఆటగాళ్లు ఆట అయ్యాక ఉద్యోగాలకు వెళ్లాలి కాబట్టి పొద్దున్న ఏడింటికే మొదలుపెట్టారు. మైదానం మధ్యలో పెద్ద చెట్టు ఉంటే దాని చుట్టూ తిరుగుతూనే ఆడారు. ఫిజీ 6-0తో గెలిచింది. మన గ్రౌండ్ చిన్నదని, ఓ మూల ఎత్తుపల్లాలున్నాయని అన్నవాళ్లకు ఈ చెట్టు సంగతి చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

1939లో న్యూజిలాండ్ వెళ్లి ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా తిరిగొచ్చారు. మ్యాచ్‌కి ముందు 'థింబి' అనే యుద్ధ నృత్యం చేయడం ఆ పర్యటనతోనే మొదలైంది. 1977లో బ్రిటన్, ఐర్లండ్‌ల మేటి ఆటగాళ్ల జట్టయిన బ్రిటిష్ లయన్స్‌ని తమ రాజధాని సువాలో 25-21తో ఓడించారు. ప్రపంచ కప్‌లో 1987, 2007, 2023లలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు. 2007లో వేల్స్‌ని 38-34తో ఇంటికి పంపిన మ్యాచ్ దొరికితే పిల్లలతో కలిసి తప్పకుండా చూడండి.

ఇక 2016 గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఆ ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఫిజీని కుదిపేసింది. 44 మంది చనిపోయారు, ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. హుద్‌హుద్‌ని చూసిన మనకు ఆ పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు. ఆర్నెల్లు తిరిగేసరికి రియో ఒలింపిక్స్ వచ్చాయి. ఫిజీ 1956 నుంచి ఒలింపిక్స్‌కి వెళ్తున్నా అప్పటిదాకా ఒక్క పతకమూ లేదు, కంచు కూడా రాలేదు. సెవెన్స్ ఫైనల్లో ఎదురుగా గ్రేట్ బ్రిటన్, అంటే ఒకప్పుడు వాళ్లను పాలించిన దేశం. సగం ఆటకే 29-0. చివరికి 43-7తో ఫిజీదే గెలుపు. పతకాలు ఇవ్వడానికి బ్రిటన్ రాకుమారి ఆన్ వచ్చినప్పుడు ఆటగాళ్లు ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని అందుకున్నారు. అది వాళ్ల ఇంటి మర్యాద. అంత గెలుపు గెలిచిన నిమిషంలో కూడా అది మరిచిపోలేదు. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు చెమరుస్తాయి. ప్రభుత్వం దేశమంతటికీ సెలవు ఇచ్చింది. మరుసటి ఏడాది ఆ జట్టు బొమ్మతో 7 డాలర్ల నోటు వేసింది. ఏడుగురి ఆట కదా, అందుకే ఏడు!

తర్వాతి టోక్యో ఒలింపిక్స్‌లో మళ్లీ స్వర్ణమే, ఈసారి ఫైనల్లో న్యూజిలాండ్ మీద 27-12. పారిస్‌లో ఫ్రాన్స్ చేతిలో ఓడి వెండితో వచ్చారు. ఆడపిల్లల సంగతి అడిగారు కదా, టోక్యోలో ఫిజీ అమ్మాయిల జట్టు కంచు పతకం తెచ్చింది. మన స్కూల్లో కూడా అబ్బాయిలకు ఎన్ని పీరియడ్లో అమ్మాయిలకూ అన్నే.

ఫిజీతో మనకు చుట్టరికం కూడా ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి, చెరకు తోటల్లో కూలీ ఒప్పందాల మీద అక్కడికి వెళ్లినవాళ్లలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్ల ముని మనవలు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. నిజానికి అక్కడి భారతీయులకు ఫుట్‌బాల్ మీదే ఇష్టం ఎక్కువ. రగ్బీలో ఎక్కువమంది దీవుల మూలవాసులే.

ఇదంతా చదివి ఫిజీ ఎప్పుడూ గెలుస్తుందనుకోకండి. 1995 ప్రపంచ కప్‌కి అర్హతే సాధించలేదు. 2019లో ఉరుగ్వే చేతిలో ఓడింది. 2023లో అయితే 69 ఏళ్ల తర్వాత ఆస్ట్రేలియాని 22-15తో ఓడించిన ఆ జట్టే, అదే టోర్నీలో పోర్చుగల్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడిపోయింది. అయినా క్వార్టర్ ఫైనల్‌కి చేరింది. అక్కడ ఇంగ్లండ్ మీద 10-24తో వెనకబడి, 24-24కి లాక్కొచ్చి, చివర్లో 30-24తో ఓడింది. మార్కులు తగ్గిన రోజు మన పిల్లల ముఖాలు చూస్తుంటాను కాబట్టి, గెలుపులతో పాటు ఈ ఓటములను కూడా అసెంబ్లీలో చెప్పబోతున్నాను.

తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు ఒక మాట. ఆటల పీరియడ్‌ని లెక్కలకు ఇవ్వమని కొందరు అడిగారు. ఇవ్వను. పరీక్షల టెన్షన్ ఉన్న పిల్లలకు ఆ నలభై నిమిషాలు ఇంకా అవసరం.

షూస్ కొత్తవి కొనక్కర్లేదు, కాన్వాస్ షూస్ చాలు. నీళ్ల సీసా, మార్చుకోవడానికి ఒక టీషర్ట్ పంపండి. ఆస్తమా, పాత దెబ్బల్లాంటివి ఉంటే అనుమతి పత్రం మీద తప్పకుండా రాయండి. సంతకం చేసిన పత్రాన్ని శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కి అందేలా చూడండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు