మచ్చలు పోయాయని మూత్ర పరీక్ష మానొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

పిల్లల ఒంటి మీద ఎర్రమచ్చలు కనపడగానే మనవాళ్లకి డెంగ్యూ తప్ప ఇంకోటి తట్టదు. పరుగున వెళ్లి ప్లేట్‌లెట్స్ చూపిస్తారు, బాగానే ఉన్నాయనగానే "హమ్మయ్య, వేడి చేసిందేమోలే" అని ఇంటికొచ్చేస్తారు. మా చెల్లెలి కొడుక్కీ అదే జరిగింది. గొంతునొప్పి తగ్గిన కొన్నాళ్లకి పిక్కల మీద, పిర్రల మీద కందిగింజలంత మచ్చలు లేచాయి. తడిమితే చేతికి తగులుతున్నాయి, వేలితో నొక్కినా ఎరుపు పోవట్లేదు. మర్నాటికి చీలమండలు వాచి నడవనని మొరాయించాడు, ఆ రాత్రి కడుపు పట్టుకుని ఒకటే ఏడుపు. అప్పుడు ఇంకో డాక్టర్ గారు చూసి ఐజీఏ వాస్క్యులైటిస్ అన్నారు.

దీని పాత పేరు హెచ్ఎస్‌పీ. ఎక్కువగా పదేళ్లలోపు పిల్లలకి, చాలాసార్లు జలుబు, గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వస్తుంది. ఐజీఏ అనే యాంటీబాడీలు సన్న రక్తనాళాల గోడల్లో పేరుకుని వాపు తెస్తే, రక్తం చర్మం కిందకి ఊరి మచ్చలవుతుంది. ప్లేట్‌లెట్స్ తగ్గడం వల్ల వచ్చే మచ్చలు కావివి, అంటుకునే జబ్బూ కాదు. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది (మలంలో రక్తం పడితే మాత్రం ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి).

అసలు టెన్షన్ కిడ్నీలతోనే. దాదాపు మూడోవంతు పిల్లల్లో వాటికీ దెబ్బ తగులుతుంది, అదీ ఒక్కోసారి మచ్చలు మాయమయ్యాక. నొప్పుండదు, మూత్రం రంగూ మారకపోవచ్చు, రక్తమో ప్రొటీనో పోతోందని పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. మొదట్లో స్టెరాయిడ్ వాడాం కదా, ఇంకేం భయం అనుకోవద్దు, అది నొప్పులకి పనిచేస్తుందేమో గానీ కిడ్నీలకి కాపలా కాయదు. అందుకే మొదట్లో తరచుగా, తర్వాత కాస్త ఎడంగా, కనీసం ఆరు నెలలపాటు మూత్రమూ బీపీ చూపిస్తూ ఉండాలి.

మావాడి డిశ్చార్జ్ చీటీలో విటమిన్ సిరప్ పేరుంది గానీ ఈ ముక్క లేదు. అంత పెద్ద ఆస్పత్రి, రాయడానికి ఒక్క లైను బరువైందా? తారీఖులతో సహా ఆ లైను ప్రతి చీటీలో ఉండాలి. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్ ఖరీదైనదేమీ కాదు కాబట్టి ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ పరీక్ష జరిగేలా చూడాలి, దాంతోపాటు పిల్లల చేతికి సరిపోయే బీపీ పట్టీ కూడా అక్కడ ఉంచాలి.

– ఒక పాఠకురాలు