పాములను మచ్చిక చేయగలమన్న భ్రమ వద్దు

గౌరవనీయులైన సంపాదకులకు,

గత ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక యువకుడు నాగుపామును మెడలో వేసుకుని నిలబడిన ఫొటోను ‘చెప్పిన మాట వింటుంది’ అన్న శీర్షికతో ప్రచురించారు. ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్న నాకు ఆ శీర్షిక చాలా కలత కలిగించింది. మర్నాడు తరగతిలో ముగ్గురు పిల్లలు ఆ ఫొటోను కత్తిరించి తెచ్చి, పాముకు కూడా కుక్కకు నేర్పినట్టు నేర్పవచ్చా అని అడిగారు. వారికి చెప్పిన జవాబునే మీ పాఠకులకూ చెప్పదలచుకున్నాను.

పాముకు నేర్చుకునే శక్తి లేదని నేను అనను. 1999లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్న్ స్నేక్ అనే విషం లేని జాతి పిల్లపాములను పరీక్షించినప్పుడు, బయటపడే రంధ్రం ఎటువైపు ఉందో అవి కొద్ది రోజుల్లోనే గుర్తుపెట్టుకుని నేరుగా అక్కడికి చేరుకున్నాయి. మీట నొక్కితే ఆహారం దొరుకుతుందని బర్మా కొండచిలువలు గ్రహించినట్టు 2015లో మరో పరిశోధన వెలువడింది. అయితే ఆ పాములను నడిపించింది ఆకలి, దాక్కోవాలన్న ఆత్రం మాత్రమే. యజమాని మెచ్చుకోలు కోసం కుక్క చేసే పనులను పాము నుంచి ఆశించలేము. పదేపదే చేతిలోకి తీసుకుంటే అది మనిషి వాసనకు, స్పర్శకు బెదరడం తగ్గిస్తుంది, అంతే. దానినే మనం మచ్చిక అనుకుంటున్నాము.

అనంతపురం శివార్లలోని మా వీధిలో, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కుర్రవాడు వేరుశనగ చేనులో దొరికిన జెర్రిపోతును మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములో దాచాడు. “నా గొంతు గుర్తుపడుతుంది మేడమ్” అంటూ డ్రమ్ము మీద చెయ్యి ఆనించి పిలిస్తే, అది నిజంగానే తల ఎత్తింది. గడప దగ్గరే కదలకుండా నిలబడి పిలవమన్నాను. ఎన్నిసార్లు పిలిచినా ఉలకలేదు. నేను మాట్లాడకుండా డ్రమ్ము అంచును వేలితో తట్టగానే తల ఎత్తి నాలుక ఆడించింది. పాముకు బయటికి కనిపించే చెవులు లేవు. గాలిలో వచ్చే శబ్దం బొత్తిగా తెలియదని కాదు గానీ, కింది దవడ ఎముక ద్వారా అందే ప్రకంపనలను అది మరింత బాగా పసిగడుతుంది. పాములవాళ్ల నాగస్వరానికి నాగుపాము ఆడుతుందన్న నమ్మకమూ ఇటువంటిదే. అది కదిలే బూరను, పిడికిలిని చూస్తూ తనను కాపాడుకోవడానికి పడగ విప్పి ఊగుతుంది.

ఆ కుర్రవాడు తనకు తెలియకుండానే జెర్రిపోతుకు ఒక విషయం మాత్రం నేర్పాడు. మూత తీసినప్పుడల్లా ఎలుకను వేసేవాడు కనుక, మూత తెరుచుకుంటే తిండి వస్తుందని అది నేర్చుకుంది. ఒకరోజు డ్రమ్ము కడగడానికి చెయ్యి పెట్టగానే మణికట్టు పట్టుకుంది. రెండు వరుసల సన్నని పంటిగాట్లు పడి, రక్తం మోచేతి దాకా కారింది. విదేశాల్లో పాములను పెంచే అనుభవజ్ఞులు మూత తీసిన వెంటనే చెయ్యి పెట్టరు. ముందు కొక్కెం ఉన్న కర్రతో మెల్లగా తాకి, ఇది తిండి వేళ కాదని పాముకు తెలిసేలా అలవాటు చేస్తారు. జెర్రిపోతుకు విషం లేదు కాబట్టి మా కుర్రవాడు బతికాడు. కట్టు విప్పకముందే, ఈసారి నాగుపాము పిల్లను తెచ్చి చిన్నప్పటి నుంచే అలవాటు చేస్తానన్నాడు. నాగుపాము గుడ్డులోంచి బయటపడిన రోజు నుంచే దానికి విషం ఉంటుందని చెబితే అతడు నమ్మలేదు. నమ్మకపోవడానికి అతడు చూపించింది మీ పత్రికలో వచ్చిన ఫొటోనే.

మన పాములను పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పాముకాటుతో దేశంలో ఏటా సగటున 58 వేల మంది మరణిస్తున్నారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. రావిచెట్టు కింద నాగులకట్టకు మొక్కే మనం, చేలలో ఎలుకలను తిని పంటను కాపాడే జెర్రిపోతును డ్రమ్ములో బంధించి దానికి భక్తి నేర్పుతున్నామనుకోవడం నాకు చాలా బాధగా ఉంది.

కాబట్టి పాములతో విన్యాసాలు చేసేవారిని సాహసవీరులుగా చూపే ఫొటోలను ఇకపై ప్రచురించవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి వదిలే శిక్షణ పొందినవారి ఫోన్ నంబర్లను ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలని అటవీ శాఖ అధికారులను కోరుతున్నాను. వేరుశనగ కోతలు మొదలయ్యేలోపు ఆ పని జరిగితే రైతులకు, కూలీలకు అక్కరకు వస్తుంది.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
అనంతపురం