గ్రామసభ పోయింది, వార్డు కమిటీ రాలేదు: పురపాలక శాఖ మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి కౌన్సిలర్‌గా పోటీ చేయాలని నిర్ణయించుకున్నాను. ఏ పార్టీనీ బీ-ఫారం (పార్టీ టికెట్టు) అడగలేదు. కరపత్రం అచ్చుకు ఇచ్చేముందే మీకు ఈ లేఖ రాస్తున్నాను. ఇంటింటికీ తిరిగి నేను ఇవ్వబోయే మాటల్లో సగం కౌన్సిలర్ చేతిలో ఉన్నవి కావు, మీ చేతిలో ఉన్నవి. ఇవే సంగతులు అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో రాసి ఇచ్చాం, కమిషనర్‌గారికి ఇచ్చాం, పాలకవర్గం లేనప్పుడు పట్టణాన్ని చూసే ప్రత్యేకాధికారిగారికి ఇచ్చాం. ఇచ్చిన ప్రతిసారీ రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు, మీ అర్జీ పరిష్కారమైందంటూ ఫోనుకు సందేశం పంపారు. ఏం పరిష్కరించారో చెప్పమంటే చెప్పేవారు లేరు.

మాది 2018 ఆగస్టులో మున్సిపాలిటీలో కలిపిన ఊరు. అంతకుముందే పంచాయతీ పాలకవర్గం గడువు తీరింది. సర్పంచి లేరు, వార్డు సభ్యులు లేరు, మా అభిప్రాయం అడిగినవారూ లేరు. ఒకరోజు పంచాయతీ కార్యాలయం మీద బోర్డు మారింది. పట్టణంలో కలిస్తే రోడ్లు వస్తాయి, డ్రైనేజీ వస్తుంది, రోజూ నల్లా నీళ్లు వస్తాయి అని నాయకులు చెప్పారు. మేమూ నమ్మాం, సంతోషించాం కూడా.

ఆ వెంటనే పోయింది ఉపాధి హామీ. ఊరు ఊరుగానే ఉంది. వరి పొలాలు, పత్తి చేలు, ఇళ్ల వెనుక పశువుల కొట్టాలు, ఏదీ మారలేదు. మారింది కాగితమే. ఆ కాగితం మారినందుకు మా జాబ్ కార్డులు చెల్లకుండా పోయాయి. రోడ్డు అవతలి ఊరు పంచాయతీగానే మిగిలింది. ఎండాకాలంలో అక్కడి ఆడవాళ్లు గడ్డపార, తట్ట పట్టుకుని చెరువు పూడిక పనికి పోతుంటే, ఇవతల మావాళ్లు తెల్లవారకముందే ఆటోల్లో కిక్కిరిసి కూర్చుని పక్క మండలానికి కూలికి పోయారు. వయసు మీదపడి అంత దూరం పోలేనివాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. మా ఇంటి వరుసలో ఒక పెద్దమ్మ ఇప్పటికీ జాబ్ కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఊరు మళ్లీ పంచాయతీ అవుతుందేమోనని ఆమె ఆశ. ఆమెకు ఏమని చెప్పాలి సార్? పట్టణ పేదలకు పని హామీ చట్టం మనకు లేదు. పొలం పని తప్ప వేరే పని తెలియని మనిషిని ఒక్క సంతకంతో పట్టణవాసిని చేసేశారు.

మా మహిళా సంఘాల గతీ అంతే. గ్రామ సమాఖ్య కింద ఉన్నవాళ్లం మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కిందకు మారాం. పుస్తకాలు మార్చుకోవడానికీ, బ్యాంకులో పేర్లు సరిచేయించుకోవడానికీ తిరిగిన తిరుగుడు ఇక్కడ రాయను. అది ఎలాగోలా గట్టెక్కింది.

ఇంటి పన్ను మాత్రం పట్టణపు లెక్క ప్రకారమే వచ్చింది. ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గింపు అని ఆటోకు మైకు కట్టి తిప్పుతారు. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు. పన్ను కట్టనని నేను అనడం లేదు, మావాళ్లెవరూ అనడం లేదు. మేము కట్టిన పన్ను మా వీధికి ఎందుకు తిరిగి రావడం లేదు అని అడుగుతున్నాం. ఈ ప్రశ్న ఎక్కడ నిలబడి అడగాలో కూడా ఇప్పుడు తెలియదు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. పంచాయతీ ఉన్నప్పుడు గ్రామసభ ఉండేది. అది గొప్పగా జరిగేదని చెప్పను. వచ్చేవాళ్లు తక్కువ, అరిచేవాళ్లు ఎక్కువ. అయినా కార్యదర్శి లెక్క చదివేవాడు. వీధి దీపాలకు ఇంత, బోరు మోటారు రిపేరుకు ఇంత అని చదువుతుంటే, ఆ మోటారు బాగుచేసినవాడు అక్కడే కూర్చుని ఉండేవాడు. లెక్క తప్పుగా ఉంటే లేచి, నేను తీసుకున్నది అంత కాదు అనేవాడు. చదువురాని ఆడవాళ్లు కూడా లేచి అడిగేవారు. మున్సిపాలిటీ అయ్యాక ఆ సభ పోయింది. దాని బదులు వార్డు కమిటీలు ఇస్తున్నామని 2019 నాటి మున్సిపాలిటీల చట్టంలో రాశారు.

ఆ చట్టం మీకు తెలిసిందే. ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వయోవృద్ధులకు ఒకటి, వార్డులోని ప్రముఖులకు ఒకటి. ఒక్కోదానిలో 15 మంది. రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే వార్డు కమిటీలు తప్పనిసరి అంటుంది. మన చట్టం మాత్రం మాలాంటి చిన్న పట్టణాల్లోనూ వార్డు వార్డుకూ ఇచ్చింది. అది మంచి చట్టమని మనస్ఫూర్తిగా అంటాను. 2020 ఫిబ్రవరిలో పట్టణాల బాగుకోసం ప్రభుత్వం పట్టణ ప్రగతి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మా వార్డులోనూ పేర్లు రాసుకున్నారు, ఆధార్ నకళ్లు తీసుకున్నారు, ఫొటో తీశారు. మహిళల కమిటీలో నా పేరు కూడా ఉందని చెప్పారు. ఆ తర్వాత ఆ కమిటీని ఎవరూ పిలవలేదు. మరుగుదొడ్డి ఎక్కడ కట్టాలి, చెత్త ఎక్కడ వేయాలి, ఏ వీధికి ముందు కాలువ తవ్వాలి అని ఒక్కసారి అడిగినవారు లేరు. కమిటీలో ఉన్నామని తెలియనివాళ్లు కూడా ఉన్నారు. ఆ జాబితా కావాలని మున్సిపల్ కార్యాలయంలో అడిగితే, అప్పటి కమిషనర్ బదిలీ అయ్యారు అన్నారు.

కమిటీని పిలిచి ఉంటే మా వీధి కాలువ ఇలా ఉండేది కాదు. కాలువ పని పైనుంచి మొదలుపెట్టి వీధి మధ్యదాకా వచ్చి ఆపేశారు. బిల్లు రాలేదని కాంట్రాక్టరు మనుషులను తీసుకుని వెళ్లిపోయాడు. కాంక్రీటు ఆగిన చోట ఇనుప చువ్వలు తుప్పుపట్టి పైకి లేచి ఉన్నాయి. పిల్లలకు గుచ్చుకోకుండా ఎవరో వాటికి ఖాళీ నీళ్ల సీసాలు తొడిగారు. పై వీధుల మురుగంతా అక్కడిదాకా కాలువలో వచ్చి, అక్కడినుంచి రోడ్డు మీద పడుతుంది. వాన పడితే రెండు ఇళ్ల గడప దాటి లోపలికి వస్తుంది. ఆ ఇళ్లలో ఒకదానిలో మంచం కింద ఇటుకలు పెట్టుకుని పడుకుంటున్నారు. కాలువ కింది నుంచి పైకి కట్టాలి, నీరు పోయే దారి ముందు చూడాలి అని మా వీధిలో పొలం చేసే ఎవరిని అడిగినా చెప్పేవారు. అడిగే పద్ధతే లేదు.

బిల్లు ఎందుకు రాలేదంటే ట్రెజరీలో ఆగిందంటారు. మా పన్ను మా పట్టణంలో వసూలై ట్రెజరీకి పోతుంది. తిరిగి రావాలంటే పైనుంచి అనుమతి కావాలి. పారిశుధ్య కార్మికుల జీతాలదీ అదే వరస. పొద్దున్నే మా వీధి ఊడ్చే అమ్మ, జీతం ఆలస్యమైన నెలలో కిరాణా కొట్టులో బాకీ పెడుతుంది. చెత్త ఆటో రాలేదని ఆమె మీద కోప్పడే హక్కు మాకు ఎక్కడిది?

చట్టం కౌన్సిలర్‌కు ఏం ఇచ్చిందో కూడా చూశాను. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతమైనా బతకకపోతే పదవి పోయే నిబంధన ఉంది. బాధ్యత సరిగా చేయకపోతే తొలగించే వీలూ ఉంది. మొక్కలకు నీళ్లు పోయమంటే నేను పోస్తాను, శిక్షకు భయపడను. కానీ అదే కౌన్సిలర్‌కు తన వార్డులో ఆగిపోయిన కాలువ బిల్లు ఎక్కడ ఉందో తెలుసుకునే అధికారం కూడా ఉండాలి కదా? రాజ్యాంగంలోని 12వ షెడ్యూలు 18 అంశాలు పట్టణాలకు అప్పగించవచ్చని చెప్పింది. మాకు వచ్చినవి ఎన్ని? నిధులు లేని బాధ్యత వచ్చింది, నిర్ణయం లేని పదవి వచ్చింది.

2025 జనవరి 26తో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. గడువు తీరేలోపే ఎన్నికలు జరగాలని 243యు అధికరణం చెబుతోంది. పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగుతాయని మీకు తెలుసు. ఒకే అధికారికి అన్ని పనులు అప్పగిస్తే ఆయన మాత్రం ఎప్పుడు మా వీధికి రాగలరు? ఆయన మంచివారే కావచ్చు. ఆయనను ఓటు వేసి ఎన్నుకోలేదు, ఓటుతో దించలేము. మాట అడిగే హక్కు అక్కడే పోయింది.

ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణ) సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. 2020లో ప్లాటుకు 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు చేసినవాళ్లు మా వార్డులో చాలామంది ఉన్నారు. 2025లో 25 శాతం రాయితీ అంటే అప్పు చేసి మిగతా సొమ్ము కట్టినవాళ్లూ ఉన్నారు. ఆ సొమ్ముతో ఆ కాలనీలకే వసతులు కల్పించాలి. ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చు పెట్టారు అనే లెక్క మా కార్యాలయం గోడ మీద పెట్టించండి.

నేను ప్రజలకు చెప్పబోయేవి పెద్ద మాటలు కావు. వార్డు కమిటీలను మూడు నెలలకొకసారి వార్డులోనే, చెట్టు కిందయినా సరే, పిలుస్తాను. పనికి ముందు అంచనా, పని తర్వాత బిల్లు ఆ సభలో చదివిస్తాను. ఏ వీధి పని ముందో ఆ సభే తేల్చాలి. మురుగు ఇళ్లలోకి వస్తున్న చోటే మొదటి పని అని నా అభిప్రాయం. అయితే దానికీ సభ ఒప్పుకోవాలి. కౌన్సిల్ సమావేశం అజెండా వారం ముందు ప్రజలకు తెలియాలని పట్టుబడతాను. విలీన గ్రామాల్లో వసూలైన పన్ను ఎంత, అక్కడ పెట్టిన ఖర్చు ఎంత అనేది విడిగా లెక్క వేయమని కోరతాను.

మీరు చేయవలసింది కూడా ఎక్కువ లేదు సార్. సభ జరిపిన వార్డులకే పనుల మంజూరు అని ఒక ఉత్తర్వు ఇవ్వండి. కమిటీ పిలవని కమిషనర్‌ను జవాబు అడగండి. పట్టణం సొంత పన్నుతో చేసిన చిన్న పనుల బిల్లులను ట్రెజరీలో ఆపకండి. విలీన గ్రామాల కూలీలకు వేసవిలోనైనా పని చూపించండి. అది ఏ పథకం పేరుతో ఇస్తారో మీ ఇష్టం, పని మాత్రం కావాలి. వేడుకుంటున్నాను, ముందుగా ఆ వార్డు కమిటీల జాబితాలు బయటపెట్టించండి. మా పేర్లు ఉన్నాయో లేదో మేమే చూసుకుంటాం.

మీ శాఖ నుంచి ఉత్తర్వు వస్తే దాని నకలు మా రచ్చకట్ట పక్క గోడకు నేనే అతికిస్తాను. రాకపోతే, ప్రచారంలో గడప గడపకూ వెళ్లి ఈ లేఖే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
విలీన గ్రామ వార్డు నుంచి పోటీకి సిద్ధమైన
ఒక మహిళా సంఘం సభ్యురాలు