తర్వాత మారొచ్చులే అనుకుని గార్డ్‌లో చేరొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చిన మన పిల్లల్లో కొందరు ఇక్కడి సైన్యం వైపు చూస్తున్నారు. తెనాలి నుంచి బంధువులు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. అందరిదీ ఒకటే మాట: "ముందు నేషనల్ గార్డ్‌లో చేర్పిద్దాం వదినా, నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలేగా. తర్వాత కావాలంటే ఎయిర్‌ఫోర్స్‌కి మారిపోతాడు." నేషనల్ గార్డ్ అంటే రాష్ట్రాల వారీగా ఉండే పార్ట్‌టైమ్ సైన్యం. ఆ ధీమాతో అందులో సంతకం పెట్టొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా అమ్మాయి ఆర్మీ నేషనల్ గార్డ్‌లో మెడిక్, అంటే గాయపడ్డ సైనికులకి తక్షణ వైద్యం చేసే ఉద్యోగం. శాన్ ఆంటోనియోలోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో శిక్షణ పొందింది. ఆ పని మీద ఇష్టం పెరిగి, పూర్తికాలం ఎయిర్‌ఫోర్స్‌లోనే చేస్తానంది. రాజీనామా రాసిచ్చి వెళ్లడానికి ఇదేమైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగమా? మొదటిసారి చేరేవాళ్లు మామూలుగా మొత్తం 8 ఏళ్ల సైనిక సేవా బాధ్యతకు కట్టుబడతారు. మధ్యలో వేరే దళానికి పోవాలంటే ఉన్నచోటి వాళ్లు వదిలిపెట్టాలి. దానికి కండిషనల్ రిలీజ్ కావాలి, అంటే వేరే దళం తీసుకుంటే వెళ్లొచ్చన్న అనుమతి. డీడీ 368 అనే ఫారం. కొత్త దళం రిక్రూటర్, అంటే మనుషుల్ని చేర్చుకునే అధికారి, దాన్ని పంపితే, యూనిట్ కమాండర్ దగ్గర్నుంచి రాష్ట్ర గార్డ్ అధికారుల దాకా వెళ్లి రావాలి. అడిగినంత మాత్రాన ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. మా అమ్మాయి ఫారం ఎవరి బల్ల మీద ఆగిందో తెలియకుండానే నెలలు గడిచాయి. ఎట్టకేలకు సంతకం అయింది, కానీ దానికీ గడువు ఉంది. ఆలోపు ఎయిర్‌ఫోర్స్‌లో చోటు దొరకాలి. వేరే దళం నుంచి వచ్చేవాళ్లకి అక్కడ ఇచ్చే చోట్లు తక్కువ. మెడిక్‌గా చేసింది కాబట్టి మెడిక్ పనే ఇస్తారన్న హామీ కూడా లేదు. మెరైన్స్ అనే మరో దళానికి వెళ్లేవాళ్లయితే ఆర్మీలో ఎంత చేసినా బూట్ క్యాంప్ అనే తొలి శిక్షణ మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

ఈలోగా డ్రిల్, అంటే గార్డ్ వారాంతపు శిక్షణ, మానకూడదు. ఒక వారాంతమంటే వాళ్ల లెక్కలో నాలుగు డ్రిల్లులు. ఏడాదిలో అనుమతి లేని గైర్హాజరు తొమ్మిదికి చేరితే చర్య తీసుకోవచ్చు. అంటే మూడు వారాంతాలు ఎగ్గొడితే చాలు. ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా అని మానేస్తే కొత్త దారి కూడా మూసుకుపోవచ్చు. మా అమ్మాయి ఆ టెన్షన్‌లో రాత్రి కన్ను మూయకపోయినా, శనివారం తెల్లవారకముందే బూట్ల లేసులు బిగించుకుని బయల్దేరేది. అది చూసి నాకు కడుపు తరుక్కుపోయేది, గర్వంగానూ ఉండేది.

గ్రీన్‌కార్డుతో చేరినవాళ్లు ముందు పౌరసత్వం సంగతి చూసుకోవాలి. గార్డ్ సేవతోనే దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు ఉండదు. యూనిట్ నుంచి ఎన్-426 ఫారం మీద సైనిక సేవ ధ్రువీకరణ తెచ్చుకోవాలి. పౌరసత్వం లేకపోతే రహస్య సమాచారం చూడటానికిచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ రాదు, అది అడిగే ఉద్యోగాలన్నీ అందవు. ఇక సైనికుల చదువు ఖర్చుకిచ్చే పోస్ట్-9/11 జీఐ బిల్లు అనే పథకం అర్హతకు వారాంతపు డ్రిల్ లెక్కలోకి రాదు. స్టూడెంట్ వీసా, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి అసలు చేరే వీల్లేదు. చేర్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే పైసా ఇవ్వకండి.

నేను గార్డ్‌ని తక్కువ చేయడం లేదు. తుపాన్లు, వరదలు వచ్చినప్పుడు ముందు కదిలేది వాళ్లే. చదువుకుంటూ సేవ చేయాలనుకునే పిల్లలకి అది మంచి చోటు. కానీ పూర్తికాలం చేయాలన్న కోరిక ఉంటే నేరుగా ఆ దళం రిక్రూటర్ దగ్గరికే వెళ్లాలి. చెప్పిన ఉద్యోగం, బోనస్, ఏళ్లు ఒప్పందంలో రాసి ఉన్నాయో లేదో చదివాకే సంతకం పెట్టాలి. మీ ప్రవాసుల పేజీలో ఈ నిబంధనల మీద తెలిసినవాళ్లతో ఒక వ్యాసం రాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైనికురాలి తల్లి,
తెనాలి (ప్రస్తుతం అమెరికా)