కీళ్లవాతం ఉన్నవారి మెడను కూడా పరీక్షించాలి

సంపాదకులకు,

అయ్యా,

మా అమ్మగారు పద్నాలుగేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతంతో బాధపడుతున్నారు. వేళ్లు, మణికట్లు, మోకాళ్ల గురించి అడిగిన వైద్యులే గాని, ఆమె మెడ గురించి అడిగినవారు చాలాకాలం లేరు. తల వెనుక నొప్పిని దిండు ఎత్తుకు, చేతుల తిమ్మిరిని వయసుకు ఆపాదించి మేమూ ఊరుకున్నాము.

మెడలోని మొదటి వెన్నుపూసను రెండవదాని కొమ్ముకు కట్టి ఉంచే లిగమెంటు ఈ జబ్బు వాపువల్ల సడలి, మొదటి పూస ముందుకు జారవచ్చు. పెద్దవారిలో ఆ రెంటి నడుమ ఎడం 3 మిల్లీమీటర్లు మించితే అనుమానించవలసిందే. మామూలు ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు. మెడను ముందుకు వంచి, వెనక్కు వాల్చి తీసిన చిత్రాలలో బయటపడుతుంది. వెన్నుపాము నలిగితే నడక తడబడుతుంది, చొక్కా గుండీలు పెట్టుకోవడమూ కష్టమవుతుంది.

మోకీలు మార్పిడికి సిద్ధపడినప్పుడు కావలిలోని ఒక ఆసుపత్రిలో మెడ ఎక్స్‌రే ప్రస్తావనే రాలేదు. మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేసేటప్పుడు మెడను ఎటు కదిలించినా ఇటువంటివారికి ప్రమాదమని నెల్లూరులో మత్తు వైద్యురాలు చెప్పాకే మాకు తెలిసింది. క్షౌరశాలల్లో మెడ విరిపించుకునే అలవాటు సంగతి ఇక చెప్పనక్కరలేదు.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రులలో కీళ్లవాత రోగులకు శస్త్రచికిత్సకు ముందు మెడ పరీక్షను తప్పనిసరి చేయాలని, ఈ జబ్బును అదుపుచేసే మెతోట్రెక్సేట్ వంటి మందులు ఆలస్యం లేకుండా మొదలుపెట్టేలా గ్రామ ఆరోగ్య సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, కావలి