కార్బన్ మిషను మూలన పెట్టేశాం

మన కార్ల షెడ్డుకు వచ్చే అందరికీ నమస్కారం అండి.

వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఇంజిన్ డీకార్బనైజేషన్, అంటే మిషను పెట్టి ఇంజిన్ లోపలి మసి పోగొట్టే పని, చేయం. అడిగినా చేయం. మిషను మీద పట్టా కప్పి మూలన పెట్టేశాం. ఎవరైనా వస్తే అమ్మేద్దామనే ఉంది, కానీ ఈ మెసేజ్ చదివాక కొనేవాళ్లు దొరుకుతారని అనుకోను.

రెండేళ్ల కింద అప్పు చేసి కొన్న మిషను అది. అమ్మినాయన మైలేజీ లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్లు పెరుగుతుందన్నాడు. నేను నమ్మాను. మీకూ అదే చెప్పాను. నెలనెలా కిస్తీ కట్టాలి కదా, అవసరం ఉన్న బండికీ లేని బండికీ పైపు తగిలించాను. బాగా తిరిగిన డీజిల్ బండ్లలో ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) దగ్గర మసి పేరుకోవడం నిజమే. అది విప్పి చేత్తో కడిగితే తేడా తెలుస్తుంది, ఆ పని ఇక ముందూ చేస్తాం. పైపు పెట్టి అరగంట ఇంజిన్ నడిపితే పోయే మసి కాదది. గడిచిన మూడు నెలల్లో ఆ పని చేయించుకున్నవారికి ఆ డబ్బు తర్వాతి సర్వీసు బిల్లులో తగ్గిస్తాను. చేతికి ఇవ్వలేను, అప్పు ఇంకా తీరలేదు.

నాకు కళ్లు తెరిపించింది రిటైరైన ఒక మాస్టారు. ఆయన వ్యాగనార్ ఊళ్లో లీటరుకు పదహారు ఇవ్వాలి, పదికి పడిపోయింది. మిషను పెట్టాం, ఎయిర్ ఫిల్టర్ మార్చాం, ట్యాంకులో ఒక సీసా మందు పోశాం. బిల్లు నాలుగు వేలు దాటింది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. "పదే వస్తోందయ్యా" అన్నారు, కోపంగా కూడా కాదు. ఆ నెమ్మదితనానికే నాకు సిగ్గేసింది. మర్నాడు పొద్దున ఆయన పక్క సీట్లో కూర్చున్నాను.

ఇంటి నుంచి మనవరాలి బడి మూడున్నర కిలోమీటర్లు. పొద్దునా సాయంత్రం కలిపి రోజుకు పద్నాలుగు. పదహారు చొప్పున చూస్తే లీటరు కూడా పట్టదు. కానీ గేటు తీసేదాకా, పిల్ల బయటికొచ్చేదాకా ఏసీ వేసుకుని బండి ఆపకుండా కూర్చుంటారు. రెండు పూటలా కలిపి ముప్పావు గంట. ఏసీతో నిలబెట్టిన చిన్న కారు గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది. అంటే రోజూ అర లీటరు పైనే బడి గేటు ముందు కాలిపోతోంది. దాన్ని కలిపి లెక్క కడితే దాదాపు పది వస్తుంది. ఇంజిన్‌కు ఏ రోగమూ లేదు. పైగా క్లచ్ మీద ఎడమ కాలు ఎప్పుడూ ఆనించే ఉంటుంది, క్లచ్ జారి కొంత పెట్రోలు అలా కూడా పోతుంది. ఆయన సైకిలు నుంచి నేరుగా కారుకొచ్చిన మనిషి, కాలు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు.

అందుకే ఇక నుంచి మైలేజీ రావడం లేదని ఎవరు వచ్చినా ముందు స్పానర్ పట్టుకోం. నేనో, మా పెద్ద కుర్రాడో మీతో ఒక రౌండు వస్తాం. దానికి 200 రూపాయలు. బండిలో నిజంగా లోపం దొరికి బాగు చేస్తే ఆ 200 తీసుకోం. వచ్చే ముందు మీరొక పని చేయాలి. ట్యాంకు ఫుల్ చేయించండి. గన్ను తనంతట తాను ఆగాక ఇంకో చుక్క పోయనివ్వకండి. ట్రిప్ మీటరు సున్నా చేసి, కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో అలాగే మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. డ్యాష్‌బోర్డు చూపించే అంకె చాలా బండ్లలో కాస్త ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి బావమరిదితో పందెం కాయకండి.

ఇప్పుడు అంతకంటే ఇబ్బందైన విషయం. మా కంప్రెసర్‌కున్న గాలి గేజు తప్పు చూపిస్తోంది. ఎన్నాళ్ల నుంచో తెలియదు. మొన్న ఒక కస్టమరు సొంత డిజిటల్ గేజు తెచ్చుకున్నారు. మాది 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చూపిస్తుంటే ఆయనది 28 చూపించింది. ఆయనదే తప్పని కాసేపు వాదించాను కూడా. పక్క టైర్ల షాపు నుంచి మూడోది తెచ్చి చూస్తే తప్పు మాదేనని తేలింది. అంటే మీ బండ్లకు గాలి సరిచేశామని చెప్పి, నాలుగైదు పీఎస్‌ఐ తక్కువతో పంపించామన్నమాట. గాలి తక్కువైతే టైరు నేలకు ఎక్కువ ఆనుకుని బండి బరువెక్కుతుంది. పెట్రోలు ఖర్చు ఒకటి రెండు శాతం పెరగడం ఒక ఎత్తు, టైరు అంచులు అరిగిపోవడం ఇంకో ఎత్తు. తప్పు మాది, క్షమించండి. కొత్త గేజులు రెండు కొన్నాం. రోజూ పొద్దున 8 నుంచి 10 దాకా స్టెప్నీతో సహా గాలి ఉచితం. పొద్దున్నే ఎందుకంటే టైరు చల్లగా ఉన్నప్పుడే అసలు లెక్క తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చిన టైరు మూడు, నాలుగు ఎక్కువ చూపిస్తుంది. ఎంత కొట్టించాలో డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరులో ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, అది కొట్టించకూడదు. నైట్రోజన్ అడుగుతున్నారు కొందరు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందండీ, డబ్బు దండగ.

మా చేతిలో ఉన్న రిపేర్లూ కొన్ని ఉన్నాయి. మన కాకినాడ ఉప్పుగాలికి బ్రేకు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కుకు అంటుకునే ఉంటుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కుతుంటారు, అది వెనక్కి పట్టుకుంటుంది. పెద్దగా బ్రేకు వేయకుండా పది కిలోమీటర్లు నడిపి, దిగి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకండి. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే వెంటనే తీసుకురండి. పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలు, కొత్త పార్టు చాలాసార్లు అక్కర్లేదు. ఇంకోటి థర్మోస్టాట్, ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు. అది తెరుచుకుని ఉండిపోతే ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, కంప్యూటరేమో ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంటుంది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ కిందే ఉంటే మా బండి చల్లటి బండి అని మురిసిపోకండి. చెక్ ఇంజిన్ లైటు మీద స్టిక్కర్ అంటించి తిరుగుతున్న మహానుభావులు ఇద్దరున్నారు మన కస్టమర్లలో. వారికి వేరే ఫోన్ చేస్తాను.

ఎయిర్ ఫిల్టర్ సంగతి కూడా చెప్పేస్తాను. కార్బ్యురేటర్ బండ్ల కాలంలో ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు నిజంగానే ఎక్కువ తాగేది. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో వచ్చే గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోలు పోస్తుంది. పికప్ తగ్గుతుంది గానీ మైలేజీలో తేడా తక్కువ. మార్చాల్సినప్పుడు మార్చుకోండి, మైలేజీ ఆశతో మాత్రం వద్దు.

పెట్రోల్లో ఇథనాల్ కలపడం వల్లే ఇదంతా అని రోజూ ఎవరో ఒకరు అంటారు. కొంత నిజం. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే లీటరుకు ఇరవై ఇచ్చే పాత బండి పంతొమ్మిదికి, ఇంకా కొంచెం కిందికి దిగవచ్చు. పదమూడుకు పడిపోయిందంటే మాత్రం అది ఇథనాల్ పని కాదు.

యానాం వెళ్లి పెట్రోలు కొట్టించుకుంటే కలిసొస్తుందా అని అడిగేవారూ ఉన్నారు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ పన్ను తక్కువ. లీటరుకు పన్నెండు మిగిలిందనుకుందాం. ముప్పై అయిదు లీటర్లకు 420. పోయి రావడానికి అరవై కిలోమీటర్లు, మూడు లీటర్ల పైనే, అంటే మూడు వందల అరవై దాకా. మిగిలిన అరవై రూపాయలకు అక్కడ టీ, పునుగులు తింటారు. అమలాపురం వైపు పనుంటే దారిలో కొట్టించుకోండి, పనిగట్టుకుని వెళ్లకండి.

విశాఖ హైవే మీద నా స్విఫ్ట్‌తో నేనే చూశాను. ఎనభై దగ్గర పట్టి ఉంచితే ఇరవై ఒకటి వచ్చింది. వంద మీద పోతే పద్దెనిమిది కూడా రాలేదు. వేగం ఎనభై నుంచి వందకు పెంచితే గాలి వెనక్కి తోసే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, లెక్క అదే. నూట నలభై కిలోమీటర్లలో మిగిలేది ఇరవై నిమిషాలు. అవి మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఎటూ పోతాయి.

మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు కలిసొస్తుందని కొందరి నమ్మకం. ఇంజెక్షన్ బండి గేర్‌లో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పోస్తూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లోనే ఖర్చు. పైగా బరువంతా బ్రేకుల మీద పడి కాలిపోతాయి. ఇది డబ్బు గురించి చెప్పడం లేదు, దయచేసి చేయకండి. భానుగుడి సిగ్నల్ దగ్గరో, రైల్వే గేటు దగ్గరో అర నిమిషం దాటి ఆగాల్సి వస్తే మాత్రం ఇంజిన్ ఆపేయండి. స్టార్ట్ చేస్తే ఎక్కువ తాగుతుందన్న మాట ఇప్పటి బండ్లకు వర్తించదు.

చివరగా రేట్లు. జనరల్ సర్వీసు 150 రూపాయలు పెంచుతున్నాను. కుర్రాళ్ల జీతాలు పెంచాను, మిషను మీద వచ్చే ఆదాయం పోయింది, దాచేదేముంది. ఇంజిన్ ఆయిల్ ఇకపై అన్ని బండ్లకూ ఒకే డ్రమ్ములోంచి పోయం. మీ బండి పుస్తకంలో ఉన్న గ్రేడు డబ్బా మీ ముందే సీలు తీస్తాం. ఖాళీ డబ్బా మీరు పట్టుకెళ్లవచ్చు.

మాస్టారు ఇప్పుడు బడి ముందు వేపచెట్టు కింద ఇంజిన్ ఆపి, అద్దాలు దించుకుని పేపరు చదువుకుంటున్నారు. మొన్నటి ఫుల్ ట్యాంకు లెక్కలో పద్నాలుగు వచ్చింది. పదహారు రాలేదేమిటని నిన్న నన్నే నిలదీశారు. క్లచ్ మీద కాలు ఇంకా తీయలేదు మరి.